మట్టి లేని పాలకూర

విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారు పక్కనే పెట్టుకుని, మేడ మీద పైపుల్లో పాలకూర పెంచుతానంటే అమ్మ నవ్వింది. "మట్టి లేకుండా మొక్కేటిరా?" అంది.

పీవీసీ పైపులకు కన్నాలు, వాటిలో కొబ్బరి పొట్టుతో చిన్న కప్పులు. పోషకాలు కలిపిన నీళ్లను మోటారు తిప్పుతుంటుంది. చెప్పుకోడానికి ఇంతే.

మే నెలలో వేసిన మొదటి విడత మొత్తం పోయింది. ట్యాంకు ఎండలో పెట్టడం నా తెలివే! నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, వేర్లు కుళ్లుతాయి. గోధుమ రంగులో జిగురుగా తయారయ్యాయి, ఒకటే వాసన. ట్యాంకును మెట్ల కిందికి మార్చి, థర్మోకోల్ చుట్టి, చేపల తొట్టికి పెట్టే గాలి మోటారు తగిలించా. నీళ్ల ఆమ్లగుణం ఎంతో చెప్పే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉందో లేదో రోజూ చూడ్డం అలవాటైంది.

నీటి పొదుపు మాత్రం నిజం. మొక్క తాగినంత, ఆవిరైనంత పోస్తే చాలు. కానీ కరెంటు పోతే టెన్షనే, పైపుల్లో వేర్లు ఎండిపోతాయి. ఎరువులు ఎలాగూ కొనాల్సిందే. అందుకే దీన్ని పూర్తిగా పర్యావరణహితం అనడానికి నాకు నోరు రాదు.

రెండో విడత ఆకుతో నిన్న పప్పు చేసింది అమ్మ. "కాస్త చప్పగా ఉందిరా" అంటూనే రెండోసారి వడ్డించుకుంది. పొద్దున్నే అడిగింది, ఇందులో గోంగూర వస్తుందా అని.