మెట్ల కింద ఇళ్లు

"గ్రౌండ్ ఫ్లోరే కదండీ, ఇన్ని మెట్లెందుకు?" అని అడిగాను. తాళం తీస్తున్న పెద్దావిడ కాలితో నేలను మెల్లగా తట్టి, "కింద కూడా ఇళ్లున్నాయి" అన్నారు.

పోలండ్ రాజధాని వార్సాలోని మురానూవ్ పేట. ఈ సాయంత్రం స్నేహితురాలి కోసం అద్దె గది చూడటానికి వెళ్లాను.

1943లో నాజీలు ఇక్కడి ఘెట్టోను, అంటే యూదులను నిర్బంధించి ఉంచిన పేటను, నేలమట్టం చేశారు. యుద్ధం ముగిశాక అంత శిథిలాన్ని తరలించడం అయ్యే పని కాదు. ఆర్కిటెక్ట్ బొహ్దాన్ లాహెర్ట్ దాన్నే దిబ్బలుగా సర్ది, వాటి మీద ఇళ్లు కట్టించారు. గోడల దిమ్మెల్లోనూ ఆ ఇటుకల పొడే. జరిగింది కంటికి కనబడాలని, గోడలకు పూత వద్దనుకున్నారాయన. తర్వాత పూసేశారు.

మెట్ల పక్కన పూత రాలిన చోట చెయ్యి పెట్టాను. గోరంత ఎర్ర ఇటుక ముక్క తగిలింది. ఎవరి వంటింటిదో!

పక్కనే ఉక్రెయిన్‌లో ఇప్పుడు ఇళ్లు కూలుతున్నాయి. ఆ శిథిలాలను నలగ్గొట్టి మళ్లీ వాడితే కొత్తగా కొండలు తవ్వే అవసరం తగ్గుతుంది, లారీల తిరుగుడూ తగ్గుతుంది. అది మంచి పనే, చేయాలి. ఆస్బెస్టాస్ రేకులను ముందే వేరు చేయాలి, లేకపోతే ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. అంతకంటే ముందు, లోపల మనుషులున్నారేమో వెతకాలి. మురానూవ్ ఇటుకల మధ్య ఎముకలు కూడా ఉండిపోయాయి.

స్నేహితురాలికి ఫోన్ చేసి గది బాగుందని చెప్పాను. కింద ఏముందో కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. రేపు తనే వచ్చి చూస్తానంది.