అటెస్టేషన్ ఫారంలో ఆ ఒక్క కాలమ్

2022 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 6,100 పోలీసు కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడినప్పుడు నేనూ అప్లై చేశాను. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న, మెయిన్స్ 2025 జూన్ 1న. మధ్యలో 1600 మీటర్ల పరుగు. ఇవన్నీ దాటినాక నాకు నిద్ర లేకుండా చేసింది అటెస్టేషన్ ఫారం, అంటే ఉద్యోగంలో చేరే ముందు మన గతం గురించి మనమే రాసిచ్చే పత్రం.

మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు ఉందా అని అందులో ఒక కాలమ్. ప్రొద్దుటూరు దగ్గర మా ఊరి తిరునాళ్లలో జరిగిన గొడవలో 341, 323 సెక్షన్ల కింద (దారికి అడ్డుపడటం, కొట్టడం) పెట్టిన కేసులో నా పేరూ ఎక్కింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయ్యాం. అట్లాంటి రాజీ చట్టప్రకారం నిర్దోషిగా విడుదలైనట్టే.

"పోయిన కేసే గదప్పా, ఎందుకు కెలుక్కుంటావ్? లేదని రాసెయ్" అన్నాడు చిన్నాయన. లాయర్ మాత్రం 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పాడు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, పూర్వాపరాలు చూసే హక్కు శాఖకుంది. దాచి దొరికితే మాత్రం ఆ దాచడమే ఎంపికను రద్దు చేయడానికి కారణం కావచ్చు. అది విన్నాక టెన్షన్ ఇంకా పెరిగింది.

టెక్సస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు ఫోన్‌లో చెప్పాడు, అక్కడ పోలీసుకు లైసెన్స్ ఉంటుందట. తీసుకునే డిపార్ట్‌మెంట్ ముందు మనిషి గతమంతా ఆరా తీయాలి, ఆ తర్వాతే రాష్ట్ర కమిషన్ లైసెన్స్ ఇస్తుంది. మనకు అట్లాంటి లైసెన్స్ లేదు. యూనిఫాం వేసుకునే ముందు పట్టే జల్లెడ, ఫారంలో రాసినదాని మీద పోలీసులు చేసే ఈ విచారణే. రేపు ఒకరింటికి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కు పోవాల్సినవాణ్ణి, నా గురించి నేనే అబద్ధం ఎట్ల రాయాలి? "ఉంది" అని రాశాను. కేసు నంబరు, కోర్టు, రాజీ తేదీ అన్నీ రాశాను.

ఆ రాజీ ఉత్తర్వుకు కోర్టు ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కోసం పదకొండు రోజులు తిరిగాను. కేసున్నవాళ్లు ఆ కాపీ ముందే తీసిపెట్టుకోండి.

ఇట్లాంటి విచారణలు చేసే పోలీసు విభాగం స్పెషల్ బ్రాంచ్ నుంచి వచ్చిన సార్ మా అరుగు మీద కూర్చుని, ఫారంలోని నంబరు కింద వేలు పెట్టి, కాపీతో ఒక్కో అంకె సరిచూశాడు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లేచి నేరుగా నా మీద కేసు పెట్టిన అన్న ఇంటికి పోయాడు. నేను వీధి మలుపులోనే నిలబడిపోయాను.

సాయంత్రం ఆ అన్నే మా ఇంటికి వచ్చాడు. "ఉన్నదున్నట్టు రాసినావంట కదరా. నేనూ ఉన్నదే చెప్పినా" అన్నాడు. అమ్మ ఆయనకు టీ ఇచ్చింది. నా ఆర్డర్ మిగతా వాళ్లకంటే ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది.