జాబితా చదివే అయివారు

మా సోషల్ అయివారు బడి వదిలాక తిరుపతిలో చేస్తున్న ఓటర్ల జాబితా పని గురించి మన పూర్వ విద్యార్థుల ఈ సంచికకు రాయాలి. ఆయన మంచితనం మీద నాలుగు మాటలు రాసి ఊరుకుంటే ఆయనకే నచ్చదు. జవాబుపత్రం అంచున ఎర్ర సిరాతో "విషయం ఏదీ?" అని రాసిన మనిషి. అందుకే ఆయన చేసే పని ఎట్లా ఉంటుందో అదే రాస్తున్నాను.

జనవరి 25న ఓటర్ల దినోత్సవం ర్యాలీకి పిలిస్తే వెళ్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. అయితే ఆయన అసలు పని ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మొదలవుతుంది. "ఓటు పోలింగు నాడు పోదు నాయనా, జాబితాలో ముందే పోయుంటుంది. మనం ఆ రోజు పోయి చూసుకుంటాం, అంతే" అంటారు.

జాబితా చదవడానికి ఆయనకొక పద్ధతి ఉంది. తమ పోలింగు కేంద్రం ప్రతిని ముందు పెట్టుకుని, స్కేలు ఒక్కో వరుస కింద జరుపుతూ, వీధిలో నలుగురు ఉన్న చోట పైకి చదువుతారు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఒక్కటీ వదలరు. నోటుపుస్తకంలో నాలుగు గళ్లు ఉంటాయి: చనిపోయినా పేరున్నవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, రెండు చోట్ల ఉన్నవాళ్లు, ఉండాల్సి లేనివాళ్లు. చాలామంది ముందు పేజీలు చూసి మూసేస్తారు. ఆయన మాత్రం చివరి అనుబంధం నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే కొత్తగా చేర్చినవీ, తీసేసినవీ, దిద్దినవీ ఉండేది అక్కడే. తీసేసిన పేరు పక్కన కారణం ఒక్క అక్షరంలో ఉంటుంది. చనిపోతే ఈ, ఇల్లు మారితే ఎస్, రెండుసార్లు ఉంటే ఆర్. బతికున్న మనిషి పక్కన ఈ, అదే వీధిలో ఉన్న కుటుంబం పక్కన ఎస్ కనబడిన రోజు ఆయనకు అన్నం సయించదు.

అట్లా పోయిన పేర్ల కోసం ఆయన నేర్పే చట్టం చిన్నదే. పేరు తీసేయాలని ఫారం 7 ఎవరైనా ఇవ్వొచ్చు, కానీ ఇచ్చినవాడు ఆ నియోజకవర్గం ఓటరై ఉండాలి. తీసేసే ముందు సంబంధిత వ్యక్తికి నోటీసు ఇవ్వాలి. నమోదు అధికారి నిర్ణయం తప్పనిపిస్తే 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేయాలి. అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. ఈ గడువులు తెలియక పోలింగు కేంద్రం గుమ్మంలో కొట్లాడితే ఏం లాభం? అక్కడున్న అధికారికి పేరు చేర్చే అధికారమే లేదు.

ఆయన పుస్తకంలో ఎక్కువ నిండే గడి రెండోది. తిరుపతిలో అద్దె ఇళ్లు జాస్తి, కాపురాలు మారుతూనే ఉంటాయి. పెళ్లయి వచ్చిన కోడళ్ల సంగతి మరీ. పుట్టింట్లో ఓటు అట్లాగే ఉండగా అత్తగారింట్లో ఫారం 6 నింపుతారు. ఫారం 6 ఓటు ఎక్కడా లేనివాళ్లకు మాత్రమే. ఉన్న ఓటును మార్చుకోవడానికి ఫారం 8. వేరే నియోజకవర్గానికైనా ఇదే, పేరులో తప్పు దిద్దడానికైనా ఇదే, కార్డు పోతే కొత్తదానికైనా ఇదే. అదే నియోజకవర్గంలో ఇల్లు మారితే ఇచ్చే పాత ఫారం 8ఏ కూడా 2022 ఆగస్టు నుంచి ఇందులోనే కలిసిపోయింది. "అమ్మణ్ణీ, నీ పాత కార్డు నంబరు చెప్పు" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. రెండు చోట్ల పేరుండటం చట్టవిరుద్ధం. ఇంకెక్కడా ఓటు లేదని తెలిసీ తప్పుడు ప్రకటన మీద సంతకం పెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఈ మాట భయపెట్టడానికి కాదు, సంతకం పెట్టే ముందు చదవమని చెప్తారు.

ఫారం 6 నింపించేటప్పుడు ఆయన వేలు పెట్టి చూపించే గడి ఒకటుంది: అదే ఇంట్లో ఇప్పటికే ఓటున్న కుటుంబ సభ్యుడి పేరు, ఎపిక్ (ఓటరు కార్డు) నంబరు. దాన్ని ఖాళీగా వదిలితే తల్లి ఒక కేంద్రంలో, కొడుకు ఇంకో కేంద్రంలో పడే ప్రమాదం ఉంది. చిరునామాకు అద్దె ఒప్పందం పెట్టాలంటే అది రిజిస్టరు అయి ఉండాలి. అద్దెకుండేవాళ్లలో చాలామందికి అది ఉండదు. గ్యాసు బిల్లో బ్యాంకు పాసుపుస్తకమో చూస్తారు. ఏదీ లేకపోయినా బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చి విచారించాలి కాబట్టి, ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోమంటారు. తాళం వేసి ఉన్న ఇల్లే దరఖాస్తు తిరస్కరణకు దారి. రసీదు ముక్కను మాత్రం చింపి జేబులో పెట్టుకోనిదే ఎవరినీ కదలనివ్వరు.

యూనివర్సిటీ హాస్టళ్ల పిల్లలకు ఒక మాట చెప్తారు. సొంతూరిలోనైనా, హాస్టలు చిరునామాలోనైనా ఓటు పెట్టుకోవచ్చు, ఏదో ఒక్కటే. హాస్టలు అయితే విద్యాసంస్థ నుంచి ధ్రువపత్రం కావాలి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ ఇప్పుడు 18 ఏళ్లు నిండాయా అని చూసే అర్హత తేదీలే. 17 నిండినవాళ్లు ముందే దరఖాస్తు ఇవ్వొచ్చు. ఇంటరు పిల్లలకు ఇది ఎవరూ చెప్పరని ఆయన బాధ.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక వస్తే ఆయనకు రెట్టింపు పని. ఆ జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, పోయినసారి ఓటేశాం కదా అనుకుంటే పేరుండదు. నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి, నింపాల్సింది ఫారం 18. ఉపాధ్యాయులకు ఫారం 19. గత ఆరేళ్లలో మూడేళ్లు పాఠం చెప్పి ఉండాలి. అందుకే విరమణ చేసి మూడేళ్లు దాటిన ఆయనకు టీచరు ఓటు పోయింది, పట్టభద్రుల ఓటు మిగిలింది. 2023 మార్చి 13న ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పోలింగుకు ముందు కాగితం మీద నమూనా బ్యాలెట్లు గీసి సాధన చేయించారు. అక్కడిచ్చే ఊదా పెన్నుతోనే రాయాలి. అభ్యర్థి పేరు ఎదురుగా ప్రాధాన్య క్రమం చూపే అంకె రాయాలి, టిక్కు కాదు, "ఒకటి" అని అక్షరాల్లోనూ కాదు. 1 ఒక్కరికే. సంతకం పెడితే ఓటు చెల్లదు. చదువుకున్నవాళ్ల ఓట్లే చెల్లకుండా పోవడం ఆయనకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది.

నడవలేని పెద్దల కోసం ఫారం 12డి గురించి ముందునుంచే ఇల్లిల్లూ చెప్పి పెడతారు. 85 దాటినవాళ్లు, 40 శాతం వైకల్యమున్నవాళ్లు ఇంటి నుంచే ఓటేయొచ్చు. కానీ నోటిఫికేషను వచ్చిన అయిదు రోజుల్లోనే దరఖాస్తు ఇవ్వాలి. ఆ అయిదు రోజులు కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి.

మనలో సగం మంది బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటున్నాం, ఓటు మాత్రం ఇంకా ఊళ్లోనే ఉంది. ఉండే చోటే ఓటుండాలన్నది చట్టం. విదేశీ పౌరసత్వం తీసుకోకుండా బయట ఉన్నవాళ్లకు ఫారం 6ఏ ఉంది, పాస్‌పోర్టులోని చిరునామాతో నమోదవుతుంది, ఓటు మాత్రం స్వయంగా వచ్చి వేయాలి. ఈసారి కలయిక రోజున వరండాలో వేపచెట్టు వైపు బల్ల వేసుకుని కూర్చుంటానని అయివారు కబురు పంపారు. పాత ఓటరు కార్డు, ఆధారు, ఒక ఫొటో తెమ్మన్నారు. స్కేలు ఆయనే తెస్తారట.