కనెక్షన్ రెఫ్యూజ్డ్ వస్తే కేబుల్ పీకొద్దు

దూరంగా ఉన్న మెషిన్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అవబోతే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వచ్చిందా? అవతలి నుంచి జవాబైతే వచ్చింది కాబట్టి కేబుల్, స్విచ్ బాగానే ఉన్నట్టు. మీరు పంపిన టీసీపీ సిన్ ప్యాకెట్‌కు (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్) సాధారణంగా అటునుంచి రీసెట్, అంటే 'కుదరదు' అనే జవాబు, వస్తుంది. ఎస్ఎస్‌హెచ్ మామూలుగా వాడే 22వ పోర్టులో వినే ప్రోగ్రామ్ ఏదీ లేదని అర్థం. 'టైమ్డ్ అవుట్' అయితే మెషిన్ ఆఫ్‌లో ఉండాలి, లేదా ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తుండాలి. 'పర్మిషన్ డినైడ్' అయితే పాస్‌వర్డో, కీయో చూసుకోవాలి. ఈ తేడా పట్టించుకోకుండా చెయ్యి పెడితే పూటంతా వృథా.

ముందు అది మీరనుకున్న మెషినేనా చూడండి. అనంతపురం, కడప ల్యాబుల్లో కరెంటు పోయి వచ్చాక డీహెచ్‌సీపీ (రూటర్ తనంతట తానే పంచే) అడ్రసులు మారిపోవచ్చు. నిన్నటి సర్వర్ అడ్రసు ఇవాళ ప్రింటర్‌కు వెళ్లి ఉంటే, రెఫ్యూజ్ చేసేది ఆ ప్రింటరే. రూటర్‌లో సర్వర్ మ్యాక్ అడ్రసుతో (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) దాని ఐపీ అడ్రసును రిజర్వ్ చేసేస్తే ఈ తలనొప్పి ఉండదు.

అడ్రసు సరైనదే అయితే సర్వర్ ముందు కూర్చుని 'సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ' కొట్టండి; ఏ పోర్టులో ఏ ప్రోగ్రామ్ వింటోందో చూపిస్తుంది. అసలు సంగతి తేలేది ఇక్కడే. 0.0.0.0:22 కనిపిస్తే అన్ని అడ్రసుల్లోనూ వింటున్నట్టు, మంచిదే. 127.0.0.1:22 మాత్రమే ఉంటే అది తనలో తనకే వింటోంది; ఎస్ఎస్‌హెచ్‌డీ (ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో లిజన్‌అడ్రస్ లైను సరిచేయాలి. 22 అసలు కనిపించకపోతే సర్వర్ నడవడం లేదు, లేదా వేరే పోర్టులో వింటోంది. ఉబుంటు డెస్క్‌టాప్‌తో వచ్చేది క్లయింట్ ఒక్కటే, ఓపెన్ఎస్ఎస్‌హెచ్-సర్వర్ విడిగా వేసుకోవాలి. వేసినా లేవకపోతే 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' (చిన్న టీ) తప్పున్న లైను నంబరు చెప్తుంది. ఒకే డిస్కును క్లోన్ చేసిన ల్యాబుల్లో హోస్ట్ కీలు (సర్వర్ గుర్తింపు కీలు) చెరిగిపోయి ఉండొచ్చు. 'సుడో ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఎ' (పెద్ద ఎ) వాటిని మళ్లీ పుట్టిస్తుంది.

ఉబుంటు 24.04లో చాలామంది చిక్కుకునేది పోర్టు మార్చినప్పుడు. అక్కడ పోర్టును పట్టుకుని ఉండేది ఎస్ఎస్‌హెచ్ డాట్ సాకెట్ (కనెక్షన్ రాగానే సర్వర్‌ను లేపే సిస్టమ్ భాగం). కాన్ఫిగ్‌లో 2222 అని రాసి సర్వీసును రీస్టార్ట్ చేస్తే చాలదు. 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' చేసి, సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి.

ఫైర్‌వాల్ ఆపేయడం మొదటి మందు కానే కాదు. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ మామూలుగా ప్యాకెట్లను జవాబివ్వకుండా వదిలేస్తుంది కాబట్టి టైమ్‌అవుటే వస్తుంది. రెఫ్యూజ్‌కు దాన్ని ఆపి లాభం లేదు, రిస్కు మాత్రం మిగులుతుంది.

మీకొక్కరికే రెఫ్యూజ్ వచ్చి పక్క సీటువాళ్లకు లాగిన్ అవుతుంటే ఫెయిల్2బ్యాన్‌ను అనుమానించండి. డిఫాల్ట్‌గా 10 నిమిషాల్లో 5 సార్లు పాస్‌వర్డ్ తప్పితే 10 నిమిషాలు ఆపేస్తుంది. న్యాట్ వల్ల ల్యాబంతా సర్వర్‌కు ఒకే అడ్రసుగా కనిపిస్తుంటే ఒకరి తప్పుకు అందరూ ఆగిపోతారు. 'ఫెయిల్2బ్యాన్-క్లయింట్ సెట్ ఎస్ఎస్‌హెచ్‌డీ అన్‌బ్యాన్‌ఐపీ' తర్వాత ఆగిపోయిన అడ్రసు ఇస్తే విడుదల.

బయటి ఊరి నుంచి వస్తుంటే రెఫ్యూజ్ చేసింది రూటరే కావచ్చు. దాని వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది ఇంటర్నెట్ కంపెనీ లోపలి అడ్రసు, బయటి నుంచి అందదు; కాబట్టి పోర్టు ఫార్వర్డ్ (బయటి కనెక్షన్‌ను లోపలి మెషిన్‌కు మళ్లించడం) పనిచేయదు. లోపలి మెషిన్ నుంచి బయటి సర్వర్‌కు రివర్స్ టన్నెల్ వేసుకుని, ఆ దారిలోనే లోపలికి రావాలి.