కాత్ర్ బ్రా రై చేను: 54 మి.మీ. హైలాండర్ బొమ్మకి బేస్ చేసిన అనుభవం

1815 జూన్ 16న, అంటే నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధానికి రెండు రోజుల ముందు, ఇప్పటి బెల్జియంలోని కాత్ర్ బ్రా కూడలి దగ్గర బ్రిటిష్ సైన్యంలోని 42వ హైలాండ్ (స్కాట్లండ్) రెజిమెంట్ నిలబడింది మనిషెత్తు రై (గోధుమ లాంటి ధాన్యం) చేలో. ఫ్రెంచ్ లాన్సర్లు (బల్లేలు పట్టిన గుర్రపు దళం) మీదికొచ్చేదాకా సరిగ్గా కనిపించలేదంటే ఆ పంటే కారణం. గుర్రపు దళాన్ని ఆపడానికి సైనికులు కట్టే చతురస్రం పూర్తిగా మూసుకోకముందే గుర్రాలు లోపలికి దూరాయి. రెజిమెంట్ కమాండర్ సర్ రాబర్ట్ మకారా ఆ రోజే చనిపోయాడు. అలాంటి సైనికుడి బొమ్మని తెచ్చి మోకాలెత్తు బంగారు గోధుమల్లో నిలబెడితే ఆ రోజు జరిగిందేదీ బేస్ (బొమ్మ నిలబడే దిమ్మ) మీద మిగలదు. నా బేస్ ఇప్పుడే ఆరింది. కంకుల దగ్గర పడ్డ అవస్థ ఇంకా పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

ముందు లెక్క. 54 మి.మీ. బొమ్మంటే 1/32 స్కేలు, అసలు కొలతలో 32వ వంతు. రై మీటరున్నర నుంచి మీటరూ ఎనభై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 32తో భాగిస్తే 47 నుంచి 56 మి.మీ. నేను 52 పెట్టుకున్నాను, బొమ్మ నుదుటిదాకా వస్తుంది. అసలు కాడ లావు మూడు నాలుగు మిల్లీమీటర్లు, స్కేలులో 0.1. కంకి పొడవు దాదాపు పది సెంటీమీటర్లు, స్కేలులో 3 మి.మీ. కంకి వెడల్పు ఒక సెంటీమీటరు, స్కేలులో 0.3. ఈ అంకెలు కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి. ప్రతి మెట్టులోనూ ఇవే కాపాడతాయి.

కొబ్బరి పీచు డోర్ మ్యాట్ కోసి చేను చేయమని అందరూ చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు. మ్యాట్ పీచు ఎత్తు 15 మి.మీ. ఉంటుంది. 28 మి.మీ. బొమ్మలకి అది నడుమెత్తు గోధుమ చేనుగా బ్రహ్మాండంగా కుదురుతుంది, కాదనను. 1/32లో మాత్రం అది అర మీటరు కూడా కాదు. దిగుమతి చేసుకున్న రెడీమేడ్ పంట కుచ్చులదీ ఇదే బాధ. పెట్టె మీద ‘రై’ అని రాస్తారు, లోపల 12 మి.మీ. గడ్డి. అడిగితే ‘అందరూ ఇదే తీసుకుంటున్నారు సార్’ అంటారు. డబ్బు దాచుకోండి.

బేస్ పని సులువు. 75 మి.మీ. చెక్క దిమ్మ, మధ్యలో 60×60 నేల. 5 మి.మీ. ఫోమ్ బోర్డు రెండు పొరలు అంటించి, అంచుల చుట్టూ ఎంసీల్ పూయాలి. పైన టైల్స్ గ్రౌట్ పొడి, ఫెవికాల్, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) కలిపిన ముద్ద రెండు మిల్లీమీటర్ల మందాన పరిస్తే చాలు. థర్మాకోల్ వద్దు, కాడ గుచ్చగానే గుళికలుగా రాలిపోతుంది. నేల పొడిగానే ఉండాలి. పెద్ద వాన కురిసింది 17వ తేదీ మధ్యాహ్నం, రాత్రి. వాటర్లూ బురద దాని పుణ్యమే. 16న ఎండ మండిపోయింది. కాత్ర్ బ్రా బొమ్మ బూట్లకి బురద పూసేవాళ్ళు ఈ రెండు యుద్ధాలనీ కలిపేస్తున్నారు.

పంట కన్నా ముందు బొమ్మని నిలబెట్టాలి. పాదానికి 1 మి.మీ. తీగ దించి, చెక్క దాకా రంధ్రం చేసి బిగించాలి. పంట నాటాక బొమ్మని దింపితే పాదాలు కాడల మీద తేలతాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. నుదుటెత్తు పంటలో బొమ్మ మునిగిపోతుంది, కిల్టు (స్కాట్లండ్ సైనికుల మోకాలి లంగా) మీద వేసిన టార్టన్ గళ్ళు ఎవరికీ కనపడవు. అందుకని పంట ఎత్తు తగ్గించడం అబద్ధం. తొక్కిన నేల చూపించడం నిజం. కొన్ని వందల మంది నడిచిన చేను అది. వెనక, ఎడమ పక్క కలిపి మూడో వంతు నిలువు పంట, మిగతాదంతా తొక్కేసిన పంట. అప్పుడు బొమ్మా కనిపిస్తుంది, ఎత్తూ తెలుస్తుంది.

కాడలకి కిత్తనార తాడు, షాపుల్లో సైసల్ అని అమ్మేది. జనపనార మెత్తన, 52 మి.మీ. నిలబెడితే వంగిపోతుంది. కొబ్బరి పీచు గట్టిదే కానీ వంకర్లు పోవు. కిత్తనార తిన్నగా, సన్నగా, బిరుసుగా ఉంటుంది. అయితే తాడు పేనేటప్పుడు దానికి నూనె పట్టిస్తారు. ఆ నూనె ఉన్నంతసేపూ రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ఫెవికాల్ పొరగా ఊడొస్తుంది. తాడుని పది సెంటీమీటర్ల ముక్కలు కోసి, పేట విప్పి, వేడి నీళ్ళలో బట్టల సోడా, సర్ఫు పొడి వేసి అరగంట నానబెట్టాలి. నీళ్ళు పసుపుగా మారతాయి. మంచినీళ్ళలో జాడించి, తడిగా ఉండగానే రెండు కొసలూ క్లిప్పులతో లాగి పట్టి ఆరబెడితే మెలికలు పోతాయి. ఆరాక పాత దువ్వెనతో ఒకసారి దువ్వితే పొట్టి పోగులు రాలిపోతాయి. లావు పోగులు ఏరి పారేయండి.

ఇక కంకులు. ఈ పని మొత్తంలో మనిషి ఓపికని పరీక్షించేది ఇదొక్కటే.

వీడియోల్లో చూపించే పద్ధతి: కాడ కొసని ఫెవికాల్లో ముంచు, బొంబాయి రవ్వలో దొర్లించు, అయిపోయింది. అవదు. రవ్వ గింజ అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. కాడకి అటూ ఇటూ ఒక్కో గింజ అంటుకున్నా కంకి ఒక మిల్లీమీటరు దాటుతుంది. స్కేలులో మూడున్నర సెంటీమీటర్ల లావు! రై చేను కాస్తా సజ్జ చేను అయి కూర్చుంటుంది. పైగా రవ్వ తిండి వస్తువు. మన ఊళ్ళ తేమకి రెండు నెలల్లో పురుగు పడుతుంది, అంతకు ముందే చీమలు వస్తాయి. పైన వార్నిష్ కొట్టినా ఏదో ఒక సందు వాటికి దొరుకుతుంది. తినే పదార్థం ఏదీ బేస్ మీదికి తేకండి.

రవ్వ బదులు ఎండీఎఫ్ చెక్కని 220 నంబరు ఉప్పుకాగితంతో రుద్దితే వచ్చే పొడి వాడాలి. దాన్ని పాత నైలాన్ మేజోడులో వేసి జల్లించండి. వేళ్ళ మధ్య రుద్దితే పౌడరులా తగలాలి.

తర్వాతి చిక్కు ఫెవికాల్‌ది. చిక్కటి జిగురులో ముంచి తీస్తే కాడ కొసన గుండ్రటి బొట్టు కడుతుంది. తలకిందులుగా ఆరబెడితే బొట్టు కొసకి దిగుతుంది, నిలువుగా పెడితే కంకి మొదట్లోకి జారుతుంది. రెండు విధాలా అది అగ్గిపుల్లే. నీళ్ళు ఎక్కువ కలిపితే పొడి పట్టదు. నాకు కుదిరిన పాళ్ళు మూడు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్ళు. కాడని 3 మి.మీ. మాత్రమే ముంచి, బయటికి తీసేటప్పుడు జిగురు పోసుకున్న మూత అంచుకి ఆనించి కొసదాకా లాగాలి. బొట్టు అంచు మీదే ఉండిపోతుంది, కాడ మీద తడి పొర మాత్రం మిగులుతుంది. వెంటనే పొడిలో దొర్లించి, థర్మాకోల్ ముక్క పక్క అంచులో అడ్డంగా గుచ్చి ఆరనివ్వాలి. అడ్డంగా ఆరితే జిగురు ఏ కొసకీ జారదు. పూర్తిగా ఆరాక రెండో పూత. ఒకే పూతలో లావు తెద్దామని చూస్తే మళ్ళీ బొట్టే.

మీసాలు లేకపోతే అది రై కాదు. రై కంకికి రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల మీసాలుంటాయి, స్కేలులో 0.6 నుంచి 1.6 మి.మీ. పాత మెత్తటి పెయింట్ బ్రష్ వెంట్రుకల్ని 1 మి.మీ. ముక్కలుగా కత్తిరించి చిన్న మూతలో కుప్ప పోసుకోండి. రెండో పూత తడిగా ఉండగా ముందు పొడి, ఆ తర్వాత కంకిని కొస కిందికి ఉండేలా ఆ కుప్పలోకి నిలువుగా దించి, తిప్పకుండా, నిలువుగానే పైకి లాగాలి. లాగేటప్పుడు వెంట్రుకలు కంకి కొస వైపుకి వాలతాయి. అసలు మీసాలు వాలేది కూడా అటే. వేళ్ళతో తిప్పారో, నాలుగు దిక్కులకీ నిక్కుకుని సీసాలు కడిగే బ్రష్షు తయారవుతుంది. ఈ దించి లాగడం చేయి అలవాటు పడేదాకా మొదటి యాభై కంకులు వెనక వరసకే పనికొస్తాయి. అందుకని ముందు వరసవి ఆఖరున చేయాలి. మొత్తం మీద 300 కాడలు కావాలి. వానాకాలంలో అయితే జిగురు ఆరడానికే రెట్టింపు సమయం పడుతుంది. టేబుల్ ల్యాంపు కింద పెట్టుకోండి, హెయిర్ డ్రయ్యర్ మాత్రం వద్దు, మీసాలు ఎగిరిపోతాయి.

రంగు విషయంలో నాకు రాజీ లేదు. శీతాకాలపు రై ఆ దేశంలో కోతకొచ్చేది జూలై చివర, ఆగస్టులో. జూన్ మధ్యలో గింజ ఇంకా పాలు పోసుకునే దశ. కాడ నీలి ఛాయ ఉన్న బూడిద పచ్చ, కంకి లేత పసుపు పచ్చ, నేల దగ్గరి ఆకులు ఎండు గడ్డి రంగు. సాప్ గ్రీన్ (ఆకుపచ్చ), తెలుపు సమపాళ్ళు, అందులో అల్ట్రామెరీన్ (ముదురు నీలం) చిటికెడు. దీన్ని పల్చగా చేసి కాడలకి కంకులు కట్టకముందే పట్టించాలి. కాడ మొదలు దగ్గర 10 మి.మీ. మేర ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). కంకులకి ఆ పచ్చలోనే ఓకర్, తెలుపు ఎక్కువ చేసి డ్రై బ్రష్, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్షుతో పైపైన రుద్దడం. పోటీల్లో ‘పంట పండినట్టు లేదు’ అని మార్కులు కోసే జడ్జీలుంటారు. ఉండనివ్వండి. తేదీ చూసి పంట రంగు ఎంచుకున్నవాడిదే సరైన పని. జడ్జీ ముచ్చట కోసం జూన్ పంటని ఆగస్టుకి జరపకూడదు. వరి చూసి పెరిగిన కన్నుతో కంకిని కిందికి వంచడం కూడా పొరపాటే. ఈ దశలో రై కంకి నిటారుగా, మహా అయితే కొద్దిగా వాలి ఉంటుంది.

నాటు. ఒత్తుగా పెరిగిన చేలో చదరపు మీటరుకి మూడు నాలుగు వందల కంకులుంటాయి. స్కేలులో చదరపు సెంటీమీటరుకి ముప్పై పైమాట. అన్ని నాటితే నేలే పగులుతుంది. లోపల పన్నెండు, బయటికి కనిపించే అంచుల్లో ఇరవై పెడితే కన్ను నమ్ముతుంది. సూదితో రంధ్రం చేసి, కాడ మొదలుకి ఫెవికాల్ అంటించి, 6 మి.మీ. లోపలికి దించాలి. అందుకే కాడ 58 మి.మీ. కోయాలి. ఫెవిక్విక్ వాడొద్దు, ఫోమ్ కరిగి గుంట పడుతుంది, రంగు మీద తెల్లటి పొగ పేరుకుంటుంది. వరసలు తీయకండి. ఆ కాలంలో విత్తనం చేత్తో వెదజల్లడమే ఎక్కువ. ఒక్కో చోట మూడు నాలుగు కాడలు ఒకే మొదలు నుంచి పిలకలు వేసినట్టు రావాలి. పల్చటి కాగితం నుంచి 5 మి.మీ. పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఆకులు కోసి ముందు వరస కాడలకి ఒక్కోటి అంటిస్తే చాలు. వెనక ఎవరూ చూడరు.

తొక్కిన పంట చేయడానికి కాడల్ని నేల మీద పడుకోబెట్టి అంటించేస్తారు చాలామంది. అది కోసి పరిచిన గడ్డిలా ఉంటుంది. తొక్కిన కాడ వేరు దగ్గర ఊడదు, నేలకి జానెడు లోపు విరిగి అక్కడి నుంచి వాలుతుంది. ముందు నిలువుగానే నాటి, జిగురు ఆరాక, మొదలు నుంచి 4 మి.మీ. ఎత్తున ట్వీజర్‌తో నొక్కి విరచండి. అన్నీ సైనికుడు నడిచిన దిక్కుకే పడాలి. పది కాడలకి ఒకటి సగం వంగి ఆగిపోయినట్టు వదిలేయండి. విరుపు దగ్గర ఓకర్, తెలుపు కలిపిన చుక్క పెడితే పచ్చి కాడ అప్పుడే చిట్లినట్టు కనిపిస్తుంది. బూటు కింద మాత్రం రెండు మూడు కాడల్ని పూర్తిగా నలిపి నేలలోకి ఒత్తాలి.

ఆఖరున మెరుపు లేని (మ్యాట్) వార్నిష్, అరచేతి దూరం నుంచి కాదు, 30 సెం.మీ. నుంచి రెండు పల్చటి పొరలు. దగ్గరగా కొడితే మీసాలు తడిసి కంకికి అతుక్కుపోతాయి. మీసాల మధ్య చేరిన దుమ్ము బ్రష్షుతో పోదు కాబట్టి గాజు పెట్టె తప్పనిసరి. లోపల ఒక సిలికా జెల్ పొట్లం పెట్టి, వానాకాలం మొదట్లో దాన్ని మార్చండి.