బట్టంబాంగ్ వెళ్లి చూసొచ్చాను

కంబోడియాలో ఉద్యోగం అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్. 2024లో విశాఖ వైపు కుర్రాళ్లు డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లి అక్కడ సైబర్ మోసాల ముఠాల చేతిలో ఇరుక్కున్నారు కదా, ఆ వార్తలు మా కొత్తపేటలో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. నాకు వచ్చింది అక్కడి బట్టంబాంగ్ అనే ఊళ్లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం. అయినా ఫోన్లో ఒప్పేసుకోకుండా, నా ఖర్చుతోనే టూరిస్టు వీసా మీద వెళ్లి ఊరూ బడీ కళ్లారా చూసి వచ్చాను. ఎవరికైనా ఇదే చెప్తాను.

రాజధాని నమ్ పెన్ నుంచి బట్టంబాంగ్‌కి బస్సులో అయిదారు గంటలు. దారంతా వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు. అచ్చం మన తాడే, వాళ్లకి అది జాతీయ వృక్షం కూడా. ఊరి మధ్యలోంచి సంకే నది పారుతుంది, ఒడ్డునే ఫ్రెంచివాళ్ల కాలం నాటి మేడ కొట్లు. మధ్యాహ్నమైతే కొట్టువాళ్లు లోపలే ఉయ్యాల కట్టుకుని నిద్రపోతారు, బేరం కోసం ఎవరూ లేపరు. నాకు ఆ నిదానం బాగా నచ్చింది.

వాట్ ఏక్ ప్నోం గుడి వైపు వెళ్తుంటే బియ్యప్పిండి రేకులు చేసే ఇళ్లు కనిపించాయి. మరిగే కుండ మూతికి గుడ్డ బిగించి, దాని మీద పల్చటి పిండి గరిటెతో గుండ్రంగా తిప్పి, మూత పెట్టి, ఆవిరికి ఉడకగానే పుల్లతో లేపి వెదురు తడిక మీద ఆరేస్తారు. ఎండాక రేకు మీద తడిక అల్లిక గళ్లు గళ్లుగా అచ్చు పడి ఉంటుంది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకులు తీయడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. వీళ్ల రేకులో పంచదార, నెయ్యి ఉండవు, కూరలూ మాంసమూ చుట్టుకుని తింటారు.

ప్నోం సంపౌ కొండకి కూడా వెళ్లాను. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో బడులు మూసేసి, చదువుకున్నవాళ్లని, టీచర్లని వెతికి వెతికి చంపారు. ఆ కొండ గుహల్లోకి తోసేసిన మనుషుల ఎముకలు ఇప్పటికీ అక్కడే భద్రపరిచి ఉన్నాయి. మర్నాడు బడిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వింటుంటే, పిల్లలు లేచి టీచరుకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. అదే పిల్లలు నాకూ పెట్టినప్పుడు నా నోట మాట రాలేదు. ఇక్కడ ర్యాంకుల గోలలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పాక, ఇలాంటి క్లాసులో చెప్పాలని చాలా గట్టిగా అనిపించింది.

చిక్కల్లా జీతం దగ్గరే. పాఠం చెప్పిన గంటలకే డబ్బులు, అదీ డాలర్లలో. ఫోన్లో చెప్తే నాన్న, "అంటే పండగ రోజున కూలి లేనట్టేగా, ఏరా?" అన్నారు. నిజమే, ఏప్రిల్‌లో వాళ్ల కొత్త సంవత్సరం, వానాకాలం చివర్లో పెద్దల పండగ, తర్వాత నీటి పండగ, అన్నిటికీ బడి మూసేస్తారు. అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

అందుకే నెల జీతం కుదిర్చి, వర్క్ పర్మిట్ ఖర్చు బడివాళ్లే పెట్టుకుని, రెండూ కాగితం మీద రాసిస్తారా అని మెయిల్ పెట్టాను. ఇస్తే వెళ్తాను. గంటల లెక్కే అంటే, ఊరు ఎంత నచ్చినా వెళ్లను.