ముప్పై లక్షలకు ఒక్కటి

ఆఫీసు పని మీద షాంఘై వెళ్తే చేతికి దొరికింది ఒక్క ఆదివారం. తోటివాళ్లు ఎత్తైన టవర్లెక్కడానికి బయల్దేరారు. నేను మాత్రం సుజౌ వాగు ఒడ్డున, సిచువాన్ రోడ్డు వంతెన పక్కనున్న జనరల్ పోస్టాఫీసుకి పోయాను. 1924 నాటి భవనం, పైన గడియారపు గోపురం, లోపల తపాలా మ్యూజియం.

నా పిచ్చి ఓవర్‌ప్రింట్ల మీద, అంటే అచ్చయిన స్టాంపు మీద మళ్లీ కొట్టిన ముద్రల మీద. మా పెదనాన్న ఆల్బంలో విక్టోరియా రాణి ముఖం కింద నల్లగా 'సి.ఇ.ఎఫ్.' (చైనా ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్) అని ఉండేది. 1900లో విదేశీయుల మీద లేచిన బాక్సర్ల తిరుగుబాటు అణచడానికి చైనా వెళ్లిన మన సిపాయిల ఉత్తరాలకు వాడిన ఇండియా స్టాంపు అది. అక్కణ్ణుంచి పట్టుకుంది నాకు.

ఈ సరుకులో మహారాజు 1897 నాటి చైనా 'ఎర్ర రెవెన్యూ'. లండన్‌లో అచ్చేయించిన 3 సెంట్ల రెవెన్యూ బిళ్లలు వాడకుండా పడుంటే, వాటి మీదే కొత్త ధర కొట్టి పోస్టుకు వాడేశారు. చిన్న అక్షరాల ఒక డాలర్ రకం ప్రపంచం మొత్తంలో ముప్పై పైచిలుకే. మనబోటివాళ్లం కేటలాగులో బొమ్మ చూసుకోవాల్సిందే.

మధ్యాహ్నం స్టాంపుల బజారు. నాకు అందుబాటులో ఉన్నవి 1948 నాటివి, గుప్పెడు కొన్నా టీ ఖర్చే. చైనా గణతంత్ర నాయకుడు సన్ యట్-సెన్ బొమ్మ, పాత ధర కనబడకుండా కొట్టేసి పైన కొత్త అంకె, 'బంగారు యువాన్' అని రెండు అక్షరాలు. నిజానికి నాకివే ఇష్టం. ఆ ఆగస్టులో పాత డబ్బు 30 లక్షల యువాన్లిస్తే ఒక్క బంగారు యువాన్ ఇచ్చారు. కొన్ని నెలల్లో అదీ చిత్తుకాగితమైంది. ధరలు అలా మారిపోతూనే ఉంటే 1949లో విసిగిపోయి ధర అంకే లేని స్టాంపులు వేశారు!

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఓ ముసలాయన ట్రేలో తెరచాప పడవ బొమ్మ స్టాంపు, దాని మీద అయిదు అక్షరాలు: 'షిన్‌జియాంగ్‌లో మాత్రమే వాడాలి'. చైనా వాయవ్య మూలనున్న ఆ రాష్ట్రంలో అప్పట్లో డబ్బు విలువ తక్కువ. అక్కడ చవగ్గా కొని వేరే చోట అమ్ముకోకుండా 1915లో మొదలుపెట్టిన ముద్ర ఇది. ఆయన కాలిక్యులేటర్ మీద 150 కొట్టాడు, నేను 50 కొట్టాను. 80 యువాన్ల దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం.

రాత్రి హోటల్లో ఫోన్ టార్చి వేసి భూతద్దంతో చూశాను. పోస్టాఫీసు గుండ్రటి ముద్ర గీత ఆ అక్షరాల దగ్గరికొచ్చి వాటి కిందికి దూరిపోయింది. అసలుదైతే అక్షరాల మీదుగా పోవాలి కదా, ఉత్తరం వేసేది ఆ తర్వాతే కాబట్టి! ఎవరో వాడేసిన మామూలు స్టాంపు మీద తర్వాతెప్పుడో తీరిగ్గా కొట్టారన్నమాట.

పారేయబుద్ధి కాలేదు. ఇంటికొచ్చాక పెదనాన్న సి.ఇ.ఎఫ్. పక్కనే పెట్టి, కింద పెన్సిల్‌తో రాసుకున్నాను: 'దొంగది, 80 యువాన్లు'.